లోహగర్భంలో ఉదజని

చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతం కాయగూరలకు, పూలకు పేరుపొందిన సీమ. ఆలూరు వంటి గ్రామాలలో బీర, కాకర, సొర తీగలను ప్రాకించడానికి రైతులు రాతికడీలు పాతి, వాటిమీద ఇనుపతీగలతో పందిళ్ళు వేస్తారు. పందిరి వేసే మనిషి చేతిలో పట్టుకారు లేనప్పుడు తీగను త్రుంచడానికి ఒక ఉపాయం చేస్తాడు. ఒకేచోట ఇటూ అటూ పది పన్నెండుసార్లు వంచుతాడు. మొదట సులువుగా వంగిన తీగ క్రమంగా మొండికేస్తుంది. వంపు దగ్గర వేలికి వెచ్చగా తగులుతుంది. చివరకు పుటుక్కున తెగుతుంది. నిత్యం కళ్ళముందు జరిగే ఈ చిన్నపనిలో లోహశాస్త్రానికి సంబంధించిన మూడు పెద్ద ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. గట్టి లోహం అసలు ఎందుకు వంగుతుంది? వంగినకొద్దీ ఎందుకు గట్టిపడుతుంది? చివరకు ఎందుకు తెగుతుంది?

ఆ తీగను వంచడానికి ముందు కొంతసేపు ఆమ్లంలో ఉంచితే ఈ ప్రశ్నలకు నాలుగవ ప్రశ్న తోడవుతుంది. ఇనుపతీగలకు జింకు పూత పూసేముందు తుప్పు వదలడానికి వాటిని ఆమ్లంలో ముంచడం పరిశ్రమలలో పాత ఆచారం. అలా ముంచి తీసిన తీగ పైకి ఏ మార్పూ లేకుండానే ఉంటుంది. కాని రెండు మూడు వంపులకే విరిగిపోతుంది. ఈ వింతను మొదట శ్రద్ధగా పరిశీలించినవాడు విలియం జాన్సన్ అనే ఆంగ్లేయుడు. ఆయన 1875లో లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో రెండు ముఖ్యవిషయాలు చెప్పాడు. విరిగినచోటును తడిపితే అక్కడినుండి నురగవలె బుడగలు వెలువడుతున్నాయి. విరగని తీగను కొన్నిరోజులు ఊరక ఉంచితే దానికి పూర్వపు సాగుగుణం తిరిగివస్తోంది. లోపల ఏదో చేరి, మళ్ళీ వెళ్ళిపోతున్నదన్నమాట. ఆ వచ్చిపోయే అతిథి ఉదజని, అంటే హైడ్రోజన్. అన్ని మూలకాలలోకి తేలికైనది. అది లోహంలో చేరి ఏమి చేస్తున్నదన్న ప్రశ్నకు నూటయాభై ఏళ్ళు గడిచినా ఏకాభిప్రాయంతో కూడిన సమాధానం లేదు. విమానయంత్రాలలోను, అణువిద్యుత్కేంద్రాలలోను, రాకెట్లలోను వాడే నికెల్ క్రోమియం మిశ్రమలోహాల విషయంలో ఈ ప్రశ్న మరింత జటిలం, మరింత అవసరం.

హైడ్రోజన్ చేసే పని తెలియాలంటే ముందు లోహం వంగే తీరు తెలియాలి. లోహంలోని పరమాణువులు వరుసలు వరుసలుగా, పొరలు పొరలుగా అమరి ఉంటాయి. ఆ అమరికనే స్ఫటికం అంటారు. లోహం శాశ్వతంగా వంగడమంటే ఒక పొర మరొక పొరమీద జారడం. ఈ శాశ్వతమైన మార్పునే ప్లాస్టిక్ విరూపణ అని పిలుస్తారు. ఒక పొర మొత్తం ఒక్కసారిగా జారాలంటే ఎంత ప్రతిబలం కావాలో 1926లో రష్యా శాస్త్రజ్ఞుడు ఫ్రెంకెల్ లెక్కకట్టాడు. ఆ లెక్క ప్రకారం వచ్చిన బలం కంటె నిజమైన మెత్తని లోహస్ఫటికాలు వెయ్యిరెట్లు తక్కువ బలానికే వంగిపోతున్నాయి. లెక్కలో తప్పులేదు. పొర మొత్తం ఒక్కసారిగా జారుతుందన్న ఊహలోనే పొరపాటుంది.

పెళ్ళిపందిట్లో పరచిన పెద్ద జంపఖానాను ఒక జానెడు జరపాలనుకుంటే, ఒకవైపు పట్టి లాగినవారికి ఆయాసమే మిగులుతుంది. అనుభవజ్ఞులు అలా చేయరు. ఒక అంచున చిన్న ముడత లేపి, ఆ ముడతను కాలితో రెండవ అంచుదాకా తోసుకుంటూ పోతారు. ముడత అవతలికి చేరేసరికి జంపఖానా అంతా జానెడు జరిగి ఉంటుంది. లోహస్ఫటికంలో కూడ ఇటువంటి ముడతలు ఉంటాయి. పరమాణువుల వరుస ఒకటి మధ్యలో అర్ధాంతరంగా ఆగిపోయిన చోట ఏర్పడే ఈ రేఖావంటి లోపానికి డిస్‌లొకేషన్ అని పేరు. స్థానభ్రంశరేఖ అని తెలుగులో చెప్పవచ్చు. 1934లో టేలర్, ఒరొవాన్, పొలాన్యీ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఈ భావనను ప్రతిపాదించారు. ఇరవై రెండేళ్ళపాటు అది కాగితంమీది ఊహగానే ఉండిపోయింది. 1956లో కేంబ్రిడ్జిలో పీటర్ హిర్ష్, ఆయన సహచరులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పలుచని అల్యూమినియం రేకును పరిశీలిస్తుండగా ఆ రేఖలు కదలడం కంటికి కనిపించింది.

ఈ రేఖల సంఖ్య ఊహకు అందదు. బాగా సాగగొట్టిన లోహంలో, ఒక ఘనసెంటీమీటరు ముక్కలో ఉన్న రేఖలన్నిటిని కొసకు కొస కలిపితే పొడవు సుమారు పది లక్షల కిలోమీటర్లు ఉంటుంది. చంద్రుడి దాకా వెళ్ళి తిరిగి వచ్చినా ఇంకా మిగిలే దూరమది. తీగను వంచినప్పుడల్లా కొత్తరేఖలు పుడతాయి. ఒకదానికొకటి అడ్డుపడి చిక్కుపడతాయి. అందువల్లనే తీగ మొండికేస్తుంది. వంచడానికి పెట్టిన శ్రమలో అధికభాగం వేడిగా మారుతుంది. కదిలే దారిలేక ఒకేచోట రేఖలు పేరుకొన్నప్పుడు అక్కడ పగులు పుడుతుంది. పందిరి వేసే మనిషి చేతిలో జరిగేది ఇదే.

ఇక హైడ్రోజన్ సంగతి. బీజాపూరు రహదారి పక్కన బత్తాయిలు అమ్మేవారు పండ్లను గోపురంలాగ పేర్చుతారు. ప్రతి పొరలోని పండు క్రిందిపొరలోని మూడు పండ్ల నడుమ గుంటలో కూర్చుంటుంది. నికెల్ పరమాణువుల అమరిక సరిగ్గా ఇటువంటిదే. ఎంత దగ్గరగా పేర్చినా పండ్ల నడుమ సందులు మిగులుతాయి. ఆరు పండ్లు చుట్టూ చేరినచోట మిగిలే సందు అన్నిటిలోకి పెద్దది. దానిలో పండు వ్యాసంలో నూటికి నలభైఒక్క వంతుల వ్యాసమున్న గుండు పడుతుంది. బత్తాయిల మధ్య చిన్న నిమ్మకాయ పట్టినట్లు. నికెల్‌లో హైడ్రోజన్ పరమాణువు నివసించేది ఆ సందులోనే. వాయువుగా ఉన్న హైడ్రోజన్‌లో రెండేసి పరమాణువులు జతగా ఉంటాయి. ఆ జత లోహంలోకి దూరలేదు. లోహం ఉపరితలంమీద జత విడిపోయి, ఒంటరి పరమాణువుగా మారినప్పుడే దానికి ప్రవేశం దొరుకుతుంది. ఆమ్లంలో ముంచినప్పుడు, విద్యుత్తుతో పూత పూసినప్పుడు, తుప్పు పట్టేటప్పుడు ఒంటరి పరమాణువులు అక్కడికక్కడే పుడతాయి కనుక ప్రవేశం మరీ సులభం.

లోపలికి చేరినది ఎంత వేగంగా తిరుగుతుందన్నది లోహాన్నిబట్టి మారుతుంది. శుద్ధమైన ఇనుములో సాధారణ ఉష్ణోగ్రత వద్ద ఒక మిల్లీమీటరు లోతుకు వ్యాపించడానికి హైడ్రోజన్‌కు రెండు నిమిషాలు చాలు. పరమాణువులు మరింత దగ్గరగా పేర్చి ఉన్న నికెల్‌లో అదే మిల్లీమీటరు దాటడానికి ఆరేడు నెలలు కావాలి. ఈ భేదాన్ని గుర్తుంచుకోవాలి. ముందుముందు దీని అవసరం పడుతుంది.

నికెల్‌కు క్రోమియం కలిపే ఆలోచన ఇరవయ్యవ శతాబ్దారంభంలో ఫలించింది. అమెరికాకు చెందిన ఆల్బర్ట్ మార్ష్ 1906లో నాలుగువంతుల నికెల్, ఒకవంతు క్రోమియం కలిసిన మిశ్రమానికి పేటెంటు పొందాడు. ఇస్త్రీపెట్టెలోను, విద్యుత్ పొయ్యిలోను ఎర్రగా కాలే నిక్రోమ్ తీగ అదే. ఎర్రగా కాలినా అది మాడిపోకపోవడానికి కారణం దానిమీద ఏర్పడే క్రోమియం ఆక్సైడ్ పొర. నికెల్ ఇచ్చే సాగుగుణం, క్రోమియం ఇచ్చే రక్షణకవచం, ఈ రెంటి కలయికనుండి తరువాతి దశాబ్దాలలో జెట్ విమానాల టర్బైన్ రెక్కలకు, అణురియాక్టర్ల గొట్టాలకు పనికివచ్చే ఇంకొనెల్, నిమోనిక్ వంటి మిశ్రమాల కుటుంబం పుట్టింది.

ఆ కుటుంబానికి హైదరాబాదు ఒక ముఖ్యమైన నివాసం. రక్షణ లోహపరిశోధనశాల 1963లో ఇక్కడ ఏర్పడింది. కంచన్‌బాగ్‌లోని మిశ్రధాతు నిగమ్ 1973లో స్థాపితమై, సూపర్‌ని అన్న పేరుతో నికెల్ మిశ్రమాలను తయారుచేస్తోంది. 1971లో మొదలైన అణు ఇంధన సముదాయంలో అణువిద్యుత్కేంద్రాల ఆవిరి జనకాలకు కావలసిన ఇంకొలాయ్ 800 గొట్టాలను చేశారు. ఇనుము, నికెల్, క్రోమియం కలిసిన మిశ్రమమది. మిశ్రధాతు నిగమ్‌లో ఇటువంటి మిశ్రమాలను శూన్యంలో కరిగిస్తారు. గాలిలోని ప్రాణవాయువు, నత్రజని సోకకుండా కాపాడడం దాని ఉద్దేశాలలో ఒకటి. కరిగిన లోహంలోని హైడ్రోజన్‌ను వెలికిలాగడం మరొకటి. అంటే హైడ్రోజన్‌తో పోరాటం కొలిమిలోనే ఆరంభమవుతుంది. కాని కొలిమిలో గెలిచిన పోరాటం అక్కడితో ముగియదు. లోహం పనిలోకి దిగిన తరువాత హైడ్రోజన్ మళ్ళీ బయటినుండి వస్తుంది.

క్రోమియం నికెల్‌లో చేసే మార్పు రక్షణపొరతో ఆగదు. డిస్‌లొకేషన్ల నడకను కూడ అది మారుస్తుంది. నికెల్ వంటి స్ఫటికాలలో డిస్‌లొకేషన్ ఒంటరిరేఖగా నడవదు. రెండు పాయలుగా చీలి, వాటి నడుమ ఒక సన్నని పట్టీని ఉంచుకొని, జతగా నడుస్తుంది. కాడికి కట్టిన ఎడ్లజతను ఇక్కడ తలచుకోవచ్చు. దారిలో అడ్డంకి ఎదురైతే పక్క సందులోకి మళ్ళాలి. కాడి పొట్టిదైతే ఎడ్లు దగ్గరగా జరిగి మళ్ళుతాయి. కాడి పొడవైతే సందులోకి దూరలేవు. పట్టిన దారినే పోవాలి. శుద్ధనికెల్‌లో కాడి పొట్టిది. క్రోమియం కలిపినకొద్దీ అది పొడవవుతుంది. అందువల్ల నికెల్ క్రోమియం మిశ్రమంలో డిస్‌లొకేషన్లు ఒకే తలాన్ని అంటిపెట్టుకొని బారులు తీరుతాయి. విరూపణ లోహమంతటా సమంగా పరుచుకోక, కొన్ని సన్నని పట్టీలలో కేంద్రీకృతమవుతుంది. హైడ్రోజన్ ప్రవేశించి చేసేది ఈ గుణాన్ని ఇంకొంచెం పెంచడమే. పక్కతలానికి మళ్ళే అవకాశాన్ని అది మరింత తగ్గిస్తుంది. క్రోమియం మొదలుపెట్టిన పనిని హైడ్రోజన్ ముగింపునకు తెస్తుందని చెప్పవచ్చు.

డిస్‌లొకేషన్ రేఖకు ఒకవైపు పరమాణువులు ఒత్తుకొని, రెండవవైపు కొద్దిగా ఎడంగా ఉంటాయి. ఎడంగా ఉన్నచోట సందులు విశాలం కనుక హైడ్రోజన్ పరమాణువులు అక్కడికి చేరి రేఖచుట్టూ మేఘంలాగ గుమిగూడుతాయి. ఆ మేఘం రేఖకు బంధమా, సహాయమా అన్నదే అసలు వివాదం. చాలాకాలం శాస్త్రజ్ఞులు బంధమనే భావించారు. లోహంలో అన్యపరమాణువులు చేరితే గట్టిపడటం అందరికీ తెలిసిన నియమం. గట్టిపడినది పెళుసుబారుతుంది. హైడ్రోజన్ వల్ల లోహం పెళుసవుతున్నది కాబట్టి అది డిస్‌లొకేషన్లను బంధిస్తూ ఉండాలి. తర్కం నిర్దుష్టంగానే కనిపిస్తుంది.

1972లో అమెరికా నౌకాదళ పరిశోధనశాలకు చెందిన బీచమ్ ఈ తర్కాన్ని తలక్రిందులు చేశాడు. హైడ్రోజన్ వల్ల విరిగిన ఉక్కుముక్కల పగుళ్ళను సూక్ష్మదర్శినిలో పరిశీలించి, పెళుసుగా కనిపించే ఆ పగుళ్ళలో సాగిన గుర్తులున్నాయని, హైడ్రోజన్ విరూపణకు సహాయం చేస్తున్నదని వాదించాడు. ఆనాడు దానిని నమ్మినవారు తక్కువ. తరువాతి దశాబ్దంలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో హోవార్డ్ బిర్న్‌బామ్, ఇయాన్ రాబర్ట్‌సన్ నికెల్ మొదలైన లోహాల పలుచని రేకులను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని లోపలే లాగిపట్టి ఉంచి, చుట్టూ హైడ్రోజన్ వాయువును వదిలారు. లాగే బలం పెంచకపోయినా, అప్పటిదాకా నిలిచి ఉన్న డిస్‌లొకేషన్లు కదలసాగాయి. వాయువును తీసివేస్తే ఆగిపోయాయి. మళ్ళీ వదిలితే మళ్ళీ కదిలాయి. ఊహలకు, వాదాలకు అతీతంగా కంటికి కనిపించిన సత్యమది.

వారు ఇచ్చిన వివరణ ఇది. ఒకే తలంమీద నడిచే డిస్‌లొకేషన్లు పరస్పరం వికర్షించుకుంటాయి. ఆ వికర్షణే వాటి మధ్య దూరాన్ని కాపాడుతుంది. చుట్టూ హైడ్రోజన్ మేఘం ఉన్నప్పుడు అది అటూ ఇటూ సర్దుకొని ఆ వికర్షణను తగ్గిస్తుంది. తత్ఫలితంగా రేఖలు ఒకదాని వెనుక ఒకటి మరింత దగ్గరగా నిలబడగలుగుతాయి. 1998లో అదే బృందం స్టెయిన్‌లెస్ ఉక్కులో ఒక అడ్డంకి ముందు బారులు తీరిన డిస్‌లొకేషన్ల నడుమ దూరాన్ని కొలిచి, హైడ్రోజన్ ఒత్తిడి పెరిగినకొద్దీ ఆ దూరం తగ్గుతున్నదని చూపింది.

ఇక్కడ విద్యార్థికి సహజంగానే సందేహం కలుగుతుంది. కదలిక సులభమైతే లోహం మెత్తబడాలి, ఇంకా ఎక్కువ సాగాలి. మరి పెళుసుగా విరగడమేమిటి? సందేహం సమంజసమైనదే. సమాధానం ఆ కదలిక ఎక్కడ జరుగుతున్నదన్న విషయంలో ఉంది. తిరునాళ్ళలో గుడిగుమ్మం మూసి ఉన్నప్పుడు జనం ప్రాంగణమంతటా చెదిరి ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు. అందరూ ఒకే వరుసలో గుమ్మానికి ఎదురుగా ఒత్తుకొని నిలబడితే, వెనుకనున్న ప్రతి ఒక్కరి తోపుడూ ముందున్న వ్యక్తిమీద పడుతుంది. లోహంలో ఆ గుమ్మం రెండు స్ఫటికరేణువుల నడుమ సరిహద్దు. ఒక తలంమీద బారులు తీరిన డిస్‌లొకేషన్లు ఎన్ని ఉంటే, ముందున్న దానివద్ద ప్రతిబలం అన్నిరెట్లు హెచ్చుతుంది. హైడ్రోజన్ రేఖలను దగ్గరగా చేరుస్తుంది. క్రోమియం, హైడ్రోజన్ కలిసి వాటిని పక్కదారి పట్టకుండా ఆపుతాయి. దానికితోడు ప్రతి డిస్‌లొకేషన్ తనతోపాటు హైడ్రోజన్ మూటను కూడ మోసుకువచ్చి ఆ సరిహద్దువద్ద దించుతుంది. నికెల్‌లో మిల్లీమీటరుకు ఆరేడు నెలలు పట్టే హైడ్రోజన్, డిస్‌లొకేషన్ల వీపెక్కి అంతకంటె త్వరగా లోపలికి చేరగలగడానికి కారణం ఇదే. మొత్తంమీద లోహం సాగేది తక్కువే. సాగినదంతా ఒక సన్నని పట్టీలోనే సాగి, సరిహద్దును చీల్చివేస్తుంది.

2012లో రాబర్ట్‌సన్, ఆయన సహచరులు హైడ్రోజన్ నింపి విరిచిన నికెల్‌ను మరొకసారి పరీక్షించారు. పైనుండి చూస్తే రేణువుల ముఖాలు నునుపుగా, ఏమాత్రం సాగకుండా పెళుక్కున విడిపోయినట్లు కనిపించాయి. ఆ ముఖాల అడుగునుండి పలుచని ముక్కలు కోసి చూడగా, బాగా సాగిన లోహంలో ఉండే డిస్‌లొకేషన్ల దట్టమైన అల్లిక కనిపించింది. పగులు పైకి చెప్పేది ఒకటి, లోపల జరిగింది మరొకటి.

అయినంతమాత్రాన ప్రతిపక్షం ఓడిపోలేదు. 1960లో ట్రొయానో ప్రచారంలోకి తెచ్చిన వాదం ప్రకారం హైడ్రోజన్ చేసే ముఖ్యమైన హాని పరమాణువుల మధ్య బంధాన్ని బలహీనపరచడమే. అతుకు విడివడ్డ తరువాత సాగడం, సాగకపోవడం గౌణవిషయాలు. జపానుకు చెందిన నగుమో ప్రభృతులు మరొక కోణం చూపారు. స్ఫటికంలో పరమాణువు లేని ఖాళీస్థానాలను హైడ్రోజన్ నిలబెడుతుందని, వంచినప్పుడు పుట్టే ఆ ఖాళీలు మాయం కాకుండా పెరిగి పగులుకు బీజమవుతాయని వారి వాదన. 2016లో చైనా శాస్త్రజ్ఞులు అల్యూమినియంతో చేసిన ప్రయోగంలో హైడ్రోజన్ వల్ల డిస్‌లొకేషన్లు కదలకుండా బిగిసిపోవడం కనిపించింది. ఇల్లినాయ్ ప్రయోగానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. నికెల్ మిశ్రమాలలోనూ ద్వంద్వం ఉంది. కదులుతున్న రేఖలకు మేఘం తోడ్పడుతుంది. లాగడం ఆపి కొంతసేపు ఉంచితే అదే మేఘం చిక్కబడి రేఖను కట్టివేస్తుంది, మళ్ళీ కదిలించడానికి అదనపు బలం కావలసివస్తుంది. కాబట్టి సహాయమా, బంధమా అని ఒక్కమాటలో తేల్చమనడం న్యాయం కాదు. వేగం, ఉష్ణోగ్రత, హైడ్రోజన్ పరిమాణం చెప్పనిదే ప్రశ్న పూర్తికాదు. నికెల్ క్రోమియం మిశ్రమాలకు సంబంధించినంతవరకు, డిస్‌లొకేషన్లు హైడ్రోజన్‌ను సరిహద్దులకు చేర్చడం, అక్కడ అతుకు బలహీనపడడం రెండూ కలిసి పనిచేస్తాయన్న అభిప్రాయమే ఎక్కువ సాక్ష్యాలకు ఒదుగుతున్నది.

వేగం మాట ప్రత్యేకంగా చెప్పుకోదగినది. మేఘం రేఖవెంట నడవాలంటే రేఖ నెమ్మదిగా నడవాలి. సుత్తిదెబ్బవంటి ఆకస్మిక బలానికి రేఖలు మేఘాన్ని వెనుక వదిలి దూసుకుపోతాయి. అప్పుడు హైడ్రోజన్ ప్రభావం అంతగా తెలియదు. అదే లోహాన్ని మెల్లమెల్లగా లాగితే ప్రభావం సంపూర్ణంగా బయటపడుతుంది. లోకంలో సాధారణంగా వేగమే ప్రమాదకరం. ఇక్కడ నిదానమే ప్రమాదకరం. పూత పూసిన బలమైన ఉక్కు బోల్టును బిగించినరోజున ఏమీ కాదు. రెండురోజుల తరువాత, ఎవరూ ముట్టుకోకుండానే, రాత్రివేళ తల తెగి పడుతుంది. బిగించినవారు బిగించినట్లే ఉన్నదని సాక్ష్యం చెబుతారు, అదీ నిజమే.

ఈ నిదానం ఎంత ఖరీదైనదో అణువిద్యుత్ పరిశ్రమ అనుభవించి తెలుసుకొంది. నికెల్‌లో సుమారు 15 శాతం క్రోమియం, కొంత ఇనుము కలిసిన ఇంకొనెల్ 600 మిశ్రమాన్ని పాశ్చాత్యదేశాల రియాక్టర్లలో విరివిగా వాడారు. స్వచ్ఛమైన వేడినీటిలో అది చీలుతున్నదని 1959లోనే ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు ఆన్రి కొరియూ ప్రకటించాడు. పరిశ్రమ ఆ హెచ్చరికను పట్టించుకోలేదు. 1991లో ఫ్రాన్సులోని బ్యుజే కేంద్రంలో రియాక్టరు మూతకు అమర్చిన గొట్టం చీలి నీరు కారింది. 2002లో అమెరికాలోని డేవిస్ బెస్సీ కేంద్రంలో అటువంటి చీలికగుండా కారిన బోరిక్ ఆమ్లం రియాక్టరు మూత ఉక్కును తినివేసి పెద్ద గుంట చేసింది. అడుగున ఒక సెంటీమీటరైనా మందం లేని స్టెయిన్‌లెస్ ఉక్కు పొర ఒక్కటే లోపలి ఒత్తిడిని ఆపుతూ కనిపించింది. ఈ చీలికలకు హైడ్రోజన్ ఒక్కటే కారణమని ఎవరూ అనరు. రేణువుల సరిహద్దులవెంట ఆక్సీకరణం కూడ జరుగుతుంది. కాని ఆ నీటిలో హైడ్రోజన్ కరిగి ఉంటుంది, లోహం తుప్పుపట్టేటప్పుడూ పుడుతుంది. అది డిస్‌లొకేషన్ల నడకను మారుస్తుందన్న వాదానికి చర్చలో ముఖ్యస్థానం ఉంది. దాదాపు 30 శాతం క్రోమియం ఉన్న 690 మిశ్రమం ఆ స్థానాన్ని ఆక్రమించి, ఇంతవరకు మెరుగుగా నిలిచింది. క్రోమియం పెరిగితే డిస్‌లొకేషన్ల కాడి పొడవై హాని పెరగాలి కదా అని ప్రశ్నించవచ్చు. రక్షణపొర గట్టిదై హైడ్రోజన్‌ను, ప్రాణవాయువును బయటనే ఆపడం వల్ల కలిగే లాభం ఆ నష్టం కంటె ఎక్కువ.

శ్రీహరికోటనుండి 2014 జనవరి 5న ఎగిరిన జి.ఎస్.ఎల్.వి. రాకెట్టులో భారతదేశం తయారుచేసిన క్రయోజెనిక్ యంత్రం మొదటిసారి జయప్రదంగా పనిచేసింది. దాని ఇంధనం ద్రవహైడ్రోజన్. మైనస్ 253 డిగ్రీల చలిలో ఉండే ఆ ద్రవం లోహానికి మహాప్రమాదకారి అని తోస్తుంది. కాని అంత చలిలో హైడ్రోజన్ పరమాణువులు లోహంలో కదలలేవు. కదలనివి రేఖలవెంట నడవలేవు. ఎర్రని వేడిలో రేఖలచుట్టూ నిలవక చెదిరిపోతాయి. నికెల్ మిశ్రమాలకు అన్నిటికంటె గడ్డుకాలం మధ్యస్థమైన గది ఉష్ణోగ్రతే. 1970 ప్రాంతంలో అమెరికాలో రాకెట్ల కోసం జరిపిన పరీక్షలలో, సాధారణ ఉష్ణోగ్రత వద్ద వాతావరణపీడనానికి సుమారు 680 రెట్లున్న హైడ్రోజన్‌లో గాటుపెట్టిన ఇంకొనెల్ 718 నమూనాలు దాదాపు సగం బలాన్ని కోల్పోయాయి.

ప్రతిక్రియలు లేకపోలేదు. విద్యుత్‌పూత పూసిన ఉక్కు బోల్టులను కొద్దిగంటలలోపే 200 డిగ్రీల దగ్గర కాల్చి హైడ్రోజన్‌ను వెళ్ళగొడతారు. నికెల్‌లోనైతే ఈ ఉపాయానికి ఓపిక కావాలి. 200 డిగ్రీల వద్ద హైడ్రోజన్ నడక నాలుగువందల రెట్లు పెరుగుతుంది; ఆరేడు నెలల మిల్లీమీటరు ప్రయాణం సుమారు పన్నెండు గంటలకు దిగుతుంది. మందమైన ముక్కలో లోతు రెట్టింపైతే కాలం నాలుగురెట్లవుతుంది కనుక కాల్చి వదిలించడం కంటె రానీయకుండా కాపాడటం మేలు. ఇంకొనెల్ 600 గొట్టాలను 700 డిగ్రీల దగ్గర ఉంచి రేణువుల సరిహద్దులలో క్రోమియం కార్బైడు కణాలు ఏర్పడేటట్లు చేస్తే చీలికలను మరింత బాగా తట్టుకున్నాయి.

2023 జనవరి 4న కేంద్రప్రభుత్వం ఆమోదించిన జాతీయ హరిత హైడ్రోజన్ పథకం 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉత్పత్తిని లక్ష్యంగా పెట్టుకొంది. విశాఖపట్నానికి సమీపంలోని పూడిమడకలో హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. అటువంటిచోట నిల్వపాత్రలు, గొట్టాలు, కవాటాలు, పీడనయంత్రాలు హైడ్రోజన్‌తో ఏళ్ళతరబడి సహజీవనం చేయాలి. అదికూడ సాధారణ ఉష్ణోగ్రత వద్ద, అధికపీడనంలో, నిదానంగా పెరిగి తగ్గే బలాల నడుమ. ఏ మిశ్రమం తగినదో కాగితంమీది బలాన్ని చూసి చెప్పడానికి వీలులేదు. నమూనాను హైడ్రోజన్‌లో ఉంచి, సెకనుకు దాని పొడవులో పదిలక్షల వంతు మాత్రమే సాగేటట్లు లాగి చూడాలి. ఆ వేగంతో ఇరవై శాతం సాగడానికి యాభైఅయిదు గంటలు పడుతుంది. రెండు పగళ్ళు, రెండు రాత్రులు యంత్రం ఆ చిన్నకడ్డీని కంటికి కనిపించనంత మెల్లగా లాగుతూనే ఉంటుంది. హైడ్రోజన్ లేని గాలిలో మరొక కడ్డీని అదే వేగంతో లాగుతారు. రెండూ తెగిన తరువాత, ఏది ఎంత సాగిందో పక్కపక్కన పెట్టి కొలుస్తారు.